పుట్టువెంట్రుకలు తీసిన చెయ్యి

"పాప నాదే. నన్ను తలకిందులుగా వేలాడదీసినా అదే చెప్తాను," అన్నాడు తుంబు.

తన పాత మీగడరంగు టాక్సీ బానెట్‌కి ఆనుకుని నిలబడి, కాగితంలో చుట్టిన బియ్యప్పిండి పొంగణాలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నాడు. మాట్లాడుతూ నములుతున్నాడు, నములుతూ మాట్లాడుతున్నాడు. హైంగుకి ఒళ్ళు మండిపోయింది. పోలీసు శాఖలో సగం జీవితం గడిపి, పై అధికారితో పడక ఉద్యోగం వాళ్ళ మొహాన కొట్టి, మడగాస్కర్ రాజధాని అంతననరీవులో సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి ఆమె. అబద్ధాలు వినడం ఆమెకి కొత్తేమీ కాదు. కానీ ఇంత తీరుబడిగా, తింటూ చెప్పే అబద్ధం వినాలంటే చాలా ఓపిక కావాలి. ఆ ఓపిక ఈ వారంలో ఎప్పుడో అడుగంటింది.

వీడి ఒక్క వాంగ్మూలం, హైంగుని పనిలో పెట్టుకున్న మియాలి బతుకుని నడిరోడ్డు మీద నిలబెట్టింది. మియాలి కూతురు అంజాకి మూడేళ్ళు దాటాయి. పుట్టుచెవుడు. ఫ్రాన్స్‌లో, లియోన్‌లో ఒక ఆసుపత్రి ఆపరేషన్‌కి ఒప్పుకుంది. ఇంకా ఆలస్యమైతే చెవి విన్నా నోటికి మాట రాదని డాక్టర్లు చెప్పారు. పాప తండ్రి ఎర్వే ఫ్రెంచివాడు. నిరుడు అంత్సిరాబే రోడ్డు మీద లారీ గుద్ది చనిపోయాడు. పాపకి తండ్రి దేశపు పాస్‌పోర్టు ఉంది. తల్లికే లేదు. ఫ్రెంచి బిడ్డకి తల్లినైన నాకు దీర్ఘకాల వీసా ఇవ్వండి, దాని పక్కన నేను ఉండాలి అని మియాలి దరఖాస్తు పెట్టుకుంది. అంతా సవ్యంగా నడుస్తుండగా తుంబు ఊడిపడ్డాడు. ఆ పిల్లకి అసలు తండ్రిని నేను, ఎర్వే చేత ఊరికే పేరు రాయించుకున్నారు అని వీసా కార్యాలయానికి రాసిచ్చాడు. అదే నిజమైతే పాప ఫ్రెంచి బిడ్డ కాదు. దాని పాస్‌పోర్టూ పోతుంది, తల్లి వీసా మాట దేవుడెరుగు, ఆపరేషన్ కలలో మాటే. ఈ మంగళవారంలోగా జవాబు చెప్పుకోమని కార్యాలయం మియాలికి గడువు పెట్టింది.

"పాప ఏ ఆసుపత్రిలో పుట్టింది?" అడిగింది హైంగు.

చెప్పాడు. సరిగ్గానే చెప్పాడు. ఆ రోజు వాన పడుతోందనీ, మంత్రసాని లావుగా ఉంటుందనీ, కాన్పు కష్టమైందనీ అడగకుండానే చెప్పాడు. ఎవడో బాగా తర్ఫీదిచ్చాడు.

"సరేలే నాయనా, నమ్మాను," అంది హైంగు గొంతు తగ్గించి. "తండ్రివన్నావు కాబట్టి అడుగుతున్నాను. మీ అమ్మానాన్నా మనవరాలిని చూశారా?"

"అమ్మ మొరొందావాలో ఉంది. మోకాళ్ళ నొప్పులు, అంత దూరం రాలేదు. నాన్న లేడు. నేను బళ్ళో ఉన్నప్పుడే సముద్రంలోకి వెళ్ళి తిరిగి రాలేదు."

"అయ్యో పాపం. పోనీ, పాపకి పుట్టువెంట్రుకలు తీయించారు కదా. ఎవరు తీశారు?"

తుంబు నమలడం ఆపాడు. ఈ ప్రశ్న వాడి పాఠంలో లేదు. ఒక్క క్షణం తటపటాయించి, ఛాతీ ముందుకు పెట్టాడు. "నేనే తీశాను. తండ్రిని నేనుండగా ఇంకెవడు తీస్తాడక్కా?"

హైంగు మొహంలో ఏ మార్పూ కనపడనివ్వలేదు. మొరొందావా సముద్రపు ఒడ్డువాడు కాబట్టి వీడికి తెలియదు. ఈ కొండల మీది ఇళ్ళలో పసిబిడ్డ తలకి మొదటి కత్తెర వేసే మనిషికి తల్లీ తండ్రీ ఇద్దరూ బతికుండాలి. ఆ అదృష్టం బిడ్డకి అంటాలని. తండ్రి పోయినవాడు కత్తెర ముట్టుకుంటే మియాలి వాళ్ళమ్మ ఆ చెయ్యి విరగ్గొట్టి ఉండేది. అంటే వీడు ఆ ఇంటి గడప తొక్కనేలేదు.

"బాగుంది. నీ నోటితో నువ్వే చెప్పావు," అని హైంగు వెనక్కి తిరిగింది.

తిరిగేసరికి ఎదురుగా హెరీజు నిలబడి నవ్వుతున్నాడు.

ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో పక్కపక్క బల్లల మీద పనిచేశారు. ఇప్పుడు అతనూ డిటెక్టివే. ఎర్వే అక్క సొలాంజ్ ఫ్రాన్స్‌లో కూర్చుని ఇతన్ని పెట్టుకుంది. కోటు, మెరిసే బూట్లు, జుట్టుకి రంగు. తుంబుకి పాఠం చెప్పింది ఎవరో హైంగుకి ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నా సాక్షిని బెదిరిస్తున్నావని ఫిర్యాదు చెయ్యమంటావా?" అన్నాడు హెరీజు.

"నీ సాక్షా? మంచి సాక్షినే పట్టావు. తండ్రి లేనివాడు పుట్టువెంట్రుకలు తీశాడట. నువ్వు ఈ ఊళ్ళో పుట్టినవాడివే కదా, చెప్పు. మీ ఇంట్లో అలా జరుగుతుందా?"

అతని నవ్వు కాస్త సడలింది. కానీ తుంబు వైపు చూసిన చూపులో చికాకే తప్ప ఆశ్చర్యం లేదు. "జరగదు. వాడొట్టి వెధవ, అడగనివి కూడా వాగుతాడు. అయితే ఏంటి? వీసా అధికారికి ఏమని రాస్తావు హైంగు? తండ్రి పోయినవాడు కత్తెర పట్టకూడదు, కాబట్టి వీడు తండ్రి కాడు అని రాస్తావా? ఆవిడ చదివి టీ తాగుతూ నవ్వుకుంటుంది."

అతను చెప్పింది నిజమే. ఆ అధికారిణి చెడ్డదేమీ కాదు. కాగితం చూపిస్తే చదువుతుంది, రుజువు చూపిస్తే ఒప్పుకుంటుంది. ఇది ఆ రెండింటిలో ఏదీ కాదు. ఈ ఊళ్ళో ఏ అమ్మమ్మనడిగినా క్షణంలో తీర్పు చెప్పే సంగతి ఆ కార్యాలయం గుమ్మం దాటితే ఒట్టి కబురు.

"రక్తపరీక్ష చేయిస్తాం. తుంబు రక్తం కాదని తేలిపోతుంది," అంది చివరికి.

"వాడు ఇవ్వడు. ఇవ్వమని ఎవరూ బలవంతపెట్టలేరు. సరే ఇచ్చాడే అనుకో. వాడు తండ్రి కాడని తేలితే ఎర్వే తండ్రని తేలినట్టా?" హెరీజు కోటు సర్దుకున్నాడు. "ఎర్వే శవాన్ని వాళ్ళక్క ఫ్రాన్స్‌కి తీసుకెళ్ళి దహనం చేయించింది. ఆవిడ రక్తం ఇవ్వనని వీసా కార్యాలయానికి రాసిచ్చింది. అమ్మానాన్నా తమ చిన్నప్పుడే పోయారని, తను తప్ప ఎర్వేకి రక్తసంబంధం ఎవరూ లేరని కూడా అందులోనే ఉంది. ఇంకెవరి దగ్గర తెస్తావు, బూడిదని పిండుతావా?"

"ఆ ఆడమనిషికి పసిదాని మీద ఇంత పగేంటి?"

"పగేం లేదు. అక్కడ వాళ్ళ ఊరి బయట ద్రాక్షతోటా, ఇల్లూ ఉన్నాయి. తమ్ముడికి బిడ్డ లేకపోతే అంతా ఆవిడదే. నేనింతకంటే చెప్పకూడదు." గొంతు తగ్గించాడు. "మియాలికి చెప్పు, ఇంకో పిల్లని కనమని. వయసుంది కదా."

హైంగు చెయ్యి పైకి లేచింది. లేచిన చెయ్యిని ఎలా దింపుకుందో ఆమెకే తెలియదు. నడిబజారులో కొడితే వార్త అవుతుంది, వార్త అయితే ఫైలుకి చేటు. పళ్ళు బిగించి, మెట్లదారి పట్టింది. వెనకనించి తుంబు, "అక్కా, టాక్సీ కావాలా?" అని అడిగాడు. వాడు నిజంగానే బేరానికి అడిగాడు, అదింకా మండింది.

మియాలి పుట్టిల్లు కొండ వాలు మీద, పైకి నూటపాతిక మెట్లెక్కాలి. మోకాళ్ళు తిట్టుకుంటూ ఎక్కింది హైంగు. వెళ్ళేసరికి మియాలి నేల మీద ఫైలు పరుచుకుని కూర్చుంది. పక్కన వాళ్ళమ్మ బావు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అంజా అమ్మమ్మ ఒళ్ళోకి ఎక్కుతూ, దిగుతూ, చాటలో చేతులు పెడుతోంది.

"ఏమన్నాడక్కా?" అంది మియాలి.

"పాప తనదేనంటాడు. పచ్చి అబద్ధం, పట్టుకున్నాను. పట్టుకుని ఏం లాభం, చూపించడానికి చేతిలో ఏమీ లేదు." హైంగు కూలబడి ఆ పెద్దావిడ ఇచ్చిన, అన్నం మాడు మరిగించిన మాడునీళ్ళు గటగటా తాగింది. "ఎర్వే పాపని పెంచాడని చూపే ఫోటోలు ఏమేం పెట్టావు? మళ్ళీ తియ్యి."

మియాలి తీసింది. మొదటి పుట్టినరోజు, చర్చి, సరస్సు దగ్గర పడవ, చెవుల డాక్టరు వరండాలో పాపని ఎత్తుకున్న ఎర్వే. అన్నీ బాగున్నాయి. ఇలాంటివి ఎవరైనా తీయించుకోవచ్చు అంటే కాదనడానికీ లేదు. హైంగు రెండుసార్లు తిరగేసింది.

"పుట్టువెంట్రుకలు తీసినప్పటి ఫోటో ఏది?"

మియాలి తల దించుకుంది. "పెట్టలేదక్కా."

"తియ్యలేదా?"

"తీశాం. నేనే పక్కన పెట్టేశాను. వెంట్రుకలు గుమ్మడికాయ ముద్దలో, తేనెలో కలిపి అందరం తిన్నాం కదా. ఆ ఫోటోల్లో అదంతా ఉంది. వాళ్ళు చూసి, వీళ్ళు జుట్టు తినే మనుషులు అనుకుంటారేమోనని..."

బావు చాట కింద పెట్టింది. "ఏంటీ? నా మనవరాలి వేడుకని సిగ్గుపడి దాచావా? ఊరంతా తిన్నాం. నీ పుట్టువెంట్రుకలు తీసినప్పుడు మీ అత్తలు తినబట్టే వాళ్ళకి పిల్లలు పుట్టారు. ఫ్రెంచివాళ్ళు నత్తలు తినరా? వాళ్ళు సిగ్గుపడుతున్నారా?"

"అమ్మా, ఇప్పుడు కాదు."

"ఎప్పుడు మరి, మీ వీసా ఊడ్చుకుపోయాకా?" అని గొణుగుతూ ముసలావిడ లేచి బీరువా మీదున్న బైబిల్లోంచి ఒక ఫోటో తీసి హైంగు చేతిలో పెట్టింది.

చూడగానే హైంగు వెన్ను నిటారైంది. చాప మీద బావు ఒళ్ళో ఏడుపు మొహంతో పాప. ముందు పళ్ళెంలో గుమ్మడికాయ ముద్ద. చుట్టూ చుట్టాలు. పాప కుడివైపు జుట్టు పట్టుకుని, కత్తెర ఆనించి, భయంభయంగా నవ్వుతున్నది ఎర్వే.

లేచి గదిలోకి వెళ్ళింది. ఫోటోని కిటికీ ఎదురుగా పట్టుకుని చూసింది. కిటికీ పై బందు విరిగి తాడుతో కట్టి ఉంది, ఫోటోలోనూ అదే తాడు. నీలం గోడ మీద నెర్రె అదే చోట, అదే వంపుతో. ఎక్కడో తీసి అతికించిన బొమ్మ కాదు. ఈ గదిలో, ఈ గోడ ముందు జరిగిందే.

"పెద్దమ్మా," అంది వెనక్కి వచ్చి. "ఎర్వే చేతికి కత్తెర ఎలా ఇచ్చావు? అతనికి అమ్మానాన్నా ఉన్నారా?"

"లేకుండా ఇస్తానా?" ముసలావిడకి కోపం వచ్చింది. "నేనే తీస్తానని పట్టుబట్టాడు. మీ వాళ్ళిద్దరూ ఉన్నారా అంటే ఉన్నారన్నాడు. నోటిమాట ఎవరైనా చెప్తారు. ఉన్నవాళ్ళయితే మాట్లాడించమన్నాను. వాడి ఫోన్‌లో డబ్బుల్లేవు, నా ఫోన్ ఇచ్చాను. ముందు వాళ్ళమ్మ మాట్లాడింది, తర్వాత ఆ ముసలాయన. నాకు వాళ్ళ మాట రాదు, ఆయనకి నా మాట రాదు. నాకు తెలిసింది నమస్కారానికి బోంజూర్ అనడం ఒక్కటే. బోంజూర్ అంటే ఆయనా బోంజూర్ అంటాడు. మళ్ళీ నేను. మళ్ళీ ఆయన. ఇక్కడందరూ పడీపడీ నవ్వారు. అప్పుడిచ్చాను కత్తెర."

"మియాలీ, ఆ ముసలాయన ఇప్పుడేమయ్యాడు?"

"పోయారక్కా. ఎర్వే అంత్యక్రియలు అవగానే బెంగతో ఇద్దరూ పోయారని సొలాంజ్ ఫోన్ చేసి చెప్పింది. ఇంక మాకెవరూ ఫోన్ చెయ్యొద్దంది."

వీసా కార్యాలయానికేమో అమ్మానాన్నా చిన్నప్పుడే పోయారని రాసింది. మియాలికేమో నిరుడు పోయారని చెప్పింది. ఏ మనిషీ రెండుసార్లు చావడు. రెండు చావులు చెప్పిన మనిషి మాటలో ఒక్కటైనా నిజం ఉందని నమ్మకం ఏంటి?

"ఆ నంబరు ఉందా పెద్దమ్మా?"

"ఉంది. పోయినవాళ్ళ నంబరు చెరిపెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు."

హైంగు తన ఫోన్లో నొక్కి, అందరికీ వినపడేలా పెట్టింది. చాలాసేపు మోగింది. ఇక ఎత్తరనుకునేసరికి దగ్గుతూ ఒక ముసలి గొంతు పలికింది.

"ఎవరు?"

మియాలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హైంగు తనకొచ్చిన ఫ్రెంచిలో మెల్లగా చెప్పింది. తన పేరు, ఊరు, ఎర్వే భార్యా కూతురూ తన పక్కనే ఉన్నారని.

ముసలాయన, "ఎందుకమ్మా ఇలా ఏడిపిస్తారు?" అన్నాడు. "పాప జ్వరంతో చచ్చిపోయిందని నా కూతురు చెప్పింది. వాడు పోయిన నెలకే పాప పోయిందంది. చర్చిలో ప్రార్థన చేయించాను. అది విన్నాక మా ఆవిడ మంచం దిగలేదు, అలాగే పోయింది. మీరెవరో నాకు తెలియదు."

"పాప బతికే ఉందండీ. నా కళ్ళెదుటే ఉంది."

"ఉంటే మాట్లాడించండి. తాతా అనమనండి ఒక్కసారి."

హైంగు పాప వైపు చూసింది. అంజా బియ్యపు గింజలు కాళ్ళ వేళ్ళ మధ్య పెట్టుకుని ఆడుకుంటోంది. ఫోన్ వంక కూడా చూడలేదు. ఎవరిని తిట్టాలో హైంగుకి తెలియలేదు. కొండంత నిజం చేతిలో ఉంది, దానికి నోరు లేదు.

"పాపకి చెవులు వినపడవండీ. పుట్టుకతోనే. మాటలు రాలేదు. ఆ ఆపరేషన్ కోసమే..."

"నాకు ఎర్వే చెప్పలేదే. ఇలాంటి ఫోన్లొస్తాయని నా కూతురు ముందే హెచ్చరించింది. పెట్టేస్తున్నాను."

"ఇటియ్యి," అని బావు ఫోన్ లాక్కుంది. నోటికి దగ్గరగా పెట్టుకుని, కొండ కింది వాళ్ళకి కూడా వినపడేలా, "బోంజూర్," అంది.

అవతల దగ్గు ఆగింది.

"బోంజూర్," అంది ముసలావిడ మళ్ళీ.

"...బోంజూర్," అన్నాడు ముసలాయన. "కత్తెర రోజు ఆవిడే కదూ? మా ఆవిడ ఆ సంగతి తల్చుకుని వారమంతా నవ్వింది. ఎంతమందున్నారో ఆ రోజు వెనకాల, ఒకటే నవ్వులు." ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే, "పాప నిజంగా ఉందా? చెవుల కోసమా వస్తోంది? రమ్మనండి. తల్లిని కూడా రమ్మనండి. నా ఇల్లుంది. నా రక్తం కావాలన్నా, సంతకం కావాలన్నా ఇస్తాను. ఏ జడ్జి దగ్గరికైనా వస్తాను," అన్నాడు.

హైంగు ఫోన్ తీసుకుంది. "అయ్యా, రేపే ఒక వకీలు మీ ఇంటికి వస్తాడు. అప్పటిదాకా ఈ సంగతి ఎవరికీ..."

"నాన్నా, ఎవరితో?" వెనక ఎక్కడో తలుపు చప్పుడైంది, ఆడగొంతు. ఏదో కింద పడింది. ముసలాయన "పాప ఉందటే, బతికే ఉందట," అనడం దూరంగా వినిపించింది. ఆ తర్వాత ఫోన్లోకి ఆ ఆడగొంతే వచ్చింది, చాలా నిదానంగా.

"హైంగు గారా? హెరీజు మీ గురించి చెప్పాడు. పనిమంతులే."

హైంగు వెంటనే ఫోన్ చెవికి ఆనించుకుంది. మిగతావాళ్ళకి వినపడకుండా మీట నొక్కింది.

"మా నాన్నకి మతి నిలకడగా లేదు," అంది సొలాంజ్. "పోయిన నెలలోనే కోర్టు నన్ను ఆయనకి సంరక్షకురాలిగా పెట్టింది. ఆయన సంతకం చెల్లదు. వకీలు వచ్చినా, జడ్జి అడిగినా, ముందు నన్ను అడగాలి. నేనేం చెప్తానో మీకు తెలుసు. ఈ సాయంత్రమే ఆయన్ని వృద్ధాశ్రమంలో చేర్పిస్తున్నాను. ఏ ఆశ్రమమో వెతుక్కోండి, ఫ్రాన్స్‌లో బోలెడున్నాయి. ఈ నంబరుకి మళ్ళీ చెయ్యకండి, ఇంట్లో ఎవరూ ఉండరు."

"అమ్మా సొలాంజ్, నీ తమ్ముడి బిడ్డ..."

ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది. హైంగు మళ్ళీ నొక్కింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ నొక్కింది. ఈసారి మోగనే లేదు, తీగ పీకేసినట్టున్నారు. నాలుగోసారి కూడా నొక్కింది, ఎందుకో ఆమెకే తెలియదు.

బావు పాపని ఎత్తుకుని, వినపడని చెవిలోనే "మీ తాత, మీ తాత" అని చెప్తోంది. మియాలికి ఫ్రెంచి కొద్దిగా వచ్చు. ముసలాయన మాటలు సగం అర్థమైనట్టున్నాయి, చెంపలు తడిసిపోయాయి.

"రమ్మన్నారు కదక్కా? నన్ను కూడా రమ్మన్నారు కదా?"

"రమ్మన్నాడమ్మా. నిన్ను కూడా రమ్మన్నాడు," అంది హైంగు.

మిగతాది చెప్పలేదు. ఫోటోని బైబిల్లో పెట్టకుండా తన సంచిలో వేసుకుని, అక్కడ సాయంత్రం అయ్యేలోగా ముసలాయన్ని కలవడానికి ఫ్రాన్స్‌లో తనకి తెలిసినవాళ్ళు ఎవరున్నారా అని ఆలోచిస్తూ మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఒక్క పేరు కూడా తట్టలేదు.